దూరప్రయాణాలకు కరెంటు కారు పనికివస్తుందా?

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన విషయం మిగులు పంపకం, రిజర్వు నిధి. దానికి భోజనాల తరువాత వస్తాను. ముందుగా మరొక మాట చెప్పమని కార్యదర్శిగారు కోరారు. అది ఎలా వచ్చిందంటే, కిందటి నెల ఒక సంఘానికి పుస్తకాలు చూడడానికి వెళ్ళాను. బయట నా కారు నిలిపి వుంది. పాలు పోయడానికి వచ్చిన ఒక సభ్యురాలు దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, “అన్నయ్యగారూ, ఇది కరెంటు కారే గదా? మావాడు ఇటువంటిదే కొంటానని పట్టుబట్టాడు. నాలుగు గేదెలు అమ్మి మొదటి సొమ్ము కట్టమంటున్నాడు. వాడివన్నీ దూరం ట్రిప్పులే. ఈ బండి అంత దూరం లాగుతుందా?” అని అడిగారు.

ఆమెకు వున్నవి ఆరు గేదెలు. కొడుకు విజయవాడలో అద్దెకారు నడుపుతాడు. నెలకు పదిహేనుసార్లు హైదరాబాదు వెళ్ళివస్తాడు. నాలుగు గేదెలు పోతే ఆ ఇంటికి పదిహేను రోజులకొకసారి వచ్చే పాలబిల్లు ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అక్కడికక్కడే నోటికి వచ్చిన జవాబు చెప్పకుండా, కొడుకు చేత రెండు నెలల ట్రిప్పుల లెక్క రాయించి పంపమన్నాను. అతను శ్రద్ధగా రాసి పంపాడు. ఆ లెక్క చూశాక తేలినదే ఈ రోజు మీకు మనవి చేస్తున్నాను.

నేను ఇంజనీరును కాను. సహకార డిప్లొమా చదివి ముప్పై ఏళ్ళుగా మీ రిజిస్టర్లు తిరగేస్తున్నవాణ్ణి. అయితే 2022 చివరలో కరెంటు కారు కొని, ఇప్పటికీ దానిమీదే సంఘాలు తిరుగుతున్నాను గనుక కొంత అనుభవం వున్నది.

ముందు కంపెనీవారు చెప్పే మైలేజీ సంగతి. పశువుల సంతలో గేదెను బేరం చేసేటప్పుడు దళారి పూటకు ఆరు లీటర్లంటాడు. ఇంటికి తెచ్చి కట్టేసిన తరువాత నాలుగు వస్తే సంతోషం. దళారి పూర్తిగా అబద్ధమాడాడని అనలేం. రెండు పూటల పాలు ఆపి, దాణా దండిగా పెట్టి పితికి చూపించాడు. కారు లెక్కా అంతే. పరీక్షశాలలో బండిని రోలర్ల మీద, ఒక నిర్ణీత పద్ధతిలో నెమ్మదిగా తిప్పి ఆ అంకె తీస్తారు. అక్కడ ఎదురుగాలి లేదు, నలుగురు మనుషులు, సామాను లేవు. నా బండికి చెప్పిన అంకె 437 కిలోమీటర్లు. హైవే మీద ఏ.సి. వేసుకొని వెళితే నాకు నికరంగా వచ్చేది 250. టాటావారి నెక్సాన్ 45 యూనిట్ల బ్యాటరీ బండికి పరీక్ష లెక్క 489 కిలోమీటర్లు. వాడకంలో 350 నుంచి 375 వరకు రావచ్చునని కంపెనీవారే వేరే అంకె కూడా ఇస్తున్నారు. అలా రెండో అంకె చెప్పడం మంచి పద్ధతి. కాని అది కూడా ఊళ్ళో, రోడ్డు మీద కలిపి వచ్చే లెక్క. నాలుగు వరసల రోడ్డు మీద వేగంగా పోతే 280, 300 అనుకోవలసిందే.

ఇక్కడ పెట్రోలు బండికీ దీనికీ తిరకాసు వున్నది. పెట్రోలు బండి ఊళ్ళో ఎక్కువ తాగి, హైవే మీద తక్కువ తాగుతుంది. కరెంటు బండి దీనికి ఎదురు. ఊళ్ళో బ్రేకు వేసినప్పుడల్లా మోటారే డైనమోగా మారి కొంత కరెంటు వెనక్కి బ్యాటరీకి పంపుతుంది. హైవే మీద బ్రేకు తక్కువ, గాలి ఎక్కువ. సైకిలు హ్యాండిలుకు రెండు క్యాన్లు తగిలించుకొని ఎదురుగాలిలో పాలకేంద్రానికి వచ్చిన పాతకాలపు సభ్యులకు ఇది వివరించనక్కరలేదు. వేగం 80 నుంచి 110కి పెంచితే గాలి తోపు దాదాపు రెట్టింపు అవుతుంది. నా బండి 80లో యూనిటుకు ఏడు కిలోమీటర్లు ఇస్తుంది. 110లో అయిదూ అయిదున్నర. దూరప్రయాణాల వారికి అంకె తగ్గేది సరిగ్గా వారు తిరిగే రోడ్డు మీదనే. అమ్మేచోట ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు.

ఘాట్ రోడ్డు గురించి చాలామందికి భయం. అది అంత భయపడవలసినది కాదు. తిరుపతి నుంచి తిరుమల కొండ ఎక్కడానికి మా లెక్కన అయిదారు యూనిట్లు పోతాయి. దిగేటప్పుడు యాక్సిలరేటరు మీద కాలు పెట్టకుండానే అందులో కొంత తిరిగి వస్తుంది. నా మటుకు నాకు కొండ దిగుతూ బ్యాటరీ శాతం పెరగడం చూస్తే ఇప్పటికీ చిన్నపిల్లవాడిలా సరదాగానే వుంటుంది.

ఇక చార్జింగు. ఇంట్లో మామూలు పదిహేను ఆంపియర్ల ప్లగ్గుకు పెడితే గంటకు మూడు యూనిట్ల పైచిలుకు ఎక్కుతుంది. 45 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండడానికి పద్నాలుగు, పదిహేను గంటలు. గోడకు బిగించే 7 కిలోవాట్ల పెట్టె అయితే ఆరేడు గంటలు, అంటే రాత్రి పడుకొని లేచేసరికి నిండుతుంది. రోడ్డు మీద వుండే ఫాస్ట్ చార్జర్లు వేరు. 60 కిలోవాట్ల చార్జరు దగ్గర పదో వంతు నుంచి 80 శాతం దాకా రమారమి 40 నిమిషాలు. అదే పాత 30 కిలోవాట్ల చార్జరు అయితే గంట పైనే.

80 శాతం అని ఎందుకంటున్నానంటే, మీరు క్యానులోకి పాలు పోసేటప్పుడు మొదట ధారాళంగా పోస్తారు, మెడ దాకా వచ్చేసరికి నురగ పొంగకుండా చెయ్యి నెమ్మదిస్తారు. బ్యాటరీ కూడా అంతే. 80 దాటిన తరువాత దానిని కాపాడుకోవడానికి కరెంటు తీసుకోవడం తగ్గించేస్తుంది. ఆఖరి 20 శాతానికి, ముందు 60 శాతానికి పట్టినంత సేపు పట్టవచ్చును. కనుక దారిలో నిండా నింపుకొనే అలవాటు పనికిరాదు. కావలసినంత పోసుకొని కదలడమే.

ఇప్పుడు హైదరాబాదు ప్రయాణం చూద్దాం. విజయవాడ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 275 కిలోమీటర్లు. ఇంటి దగ్గర నిండా నింపుకొని బయలుదేరితే, అడుగున 15 శాతం చేతిలో వుంచుకొని 45 యూనిట్ల బండి 240 కిలోమీటర్లు పోతుంది. ఊరు చేరడానికి ముప్పై నలభై కిలోమీటర్లు తక్కువ. సూర్యాపేట సరిగ్గా సగం దారి. కరెంటు కార్లు పుట్టకముందు నుంచీ బస్సులూ కార్లూ భోజనానికి ఆగే ఊరు. అక్కడ తింటూ అరగంట పెడితే హైదరాబాదు సుఖంగా చేరతాం. కుటుంబంతో వెళ్ళేవాడికి ఇందులో నష్టమేమీ లేదు. ఎలాగూ ఆగుతారు గనుక. తిరుపతి దగ్గర దగ్గర 400. దానికి ఒంగోలు, కావలి ప్రాంతంలో ఒకసారి బాగా నింపుకోవాలి. విశాఖ 350. దానికీ ఒక ఆగుడు తప్పదు.

కాగితం మీద ఇంతే. కాగితం మీద మన పాల ట్యాంకరు కూడా రోజూ సరిగ్గా టైముకే వస్తుంది.

2023 వేసవిలో మా అమ్మగారికి కంటి ఆపరేషను చేయించి హైదరాబాదు నుంచి తిరిగి వస్తున్నాము. పగటి ఎండ పడకూడదని రాత్రి బయలుదేరాము. నేను ఫోనులో చూసుకొని, ఒక హోటలు ఆవరణలో చార్జరు ఖాళీగా వుందని తెలుసుకొని అక్కడిదాకా వచ్చాను. పదకొండు గంటలయింది. చార్జరు వున్నది, తెర మీద దీపమూ వెలుగుతున్నది, కరెంటు మాత్రం రాదు. అక్కడి కాపలా మనిషి పాపం మంచివాడు. “పొద్దున్నుంచీ ఇంతేనండి, ఫోను చేశాం, రేపొస్తామన్నారు” అన్నాడు. బండిలో 11 శాతం వున్నది. తరువాతి చార్జరు 26 కిలోమీటర్లు. ఏ.సి. ఆపి, అద్దాలు దించి, గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో లారీల వెనక నక్కి నక్కి నడిపాను. అమ్మ కంటికి కట్టు. గాలి, దుమ్ము తగలకుండా చీరకొంగు ముఖానికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. 3 శాతంతో చేరాము. అక్కడ మా ముందు ఒక కారు వున్నది. గంటన్నర ఆగాము. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చాక మటుకు, “ఈసారి రైలుకు పోదాం రా” అంది.

ఆ రాత్రి నుంచి నా నియమం ఒకటి. ఒకే ఒక్క చార్జరును నమ్ముకొని దాని దగ్గరకు 20 శాతం కన్న తక్కువతో పోను. అది పనిచేయకపోతే రెండోదానికి చేరే కరెంటు బండిలో వుండాలి. పెట్రోలు అయిపోతే సీసాలో తెచ్చి పోసుకోవచ్చు. ఇది అయిపోతే బండిని వేరే బండిపైకి ఎక్కించి తీసుకుపోవలసిందే.

హైవేలకు రెండు పక్కలా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక చార్జింగు స్టేషను వుండాలని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2019 నాటి మార్గదర్శకాల్లోనే చెప్పింది. 2024 అక్టోబరులో మొదలయిన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకంలో చార్జింగు స్టేషన్ల కోసమే 2,000 కోట్ల రూపాయలు కేటాయించారు. నేను బండి కొన్ననాటికీ ఇప్పటికీ మా దారిలో చార్జర్లు పెరిగిన మాట నిజం. వున్నవి పనిచేస్తున్నాయా అన్నది మరొక ప్రశ్న. బల్క్ కూలరు పెట్టిన ప్రతి సంఘంలోనూ పాలు చల్లబడుతున్నాయా అని నేను అడిగితే మీలో కొందరు తల దించుకుంటారు. ఇదీ అటువంటిదే. యంత్రం పెట్టడానికి వున్న ఉత్సాహం దానిని చూసుకోవడానికి వుండదు.

అట్లాగని వెక్కిరించనక్కరలేదు. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త తయారుచేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకొని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా వంద కిలోమీటర్ల పైన నడిపింది. మోటారు బండి మీద మొదటి దూరప్రయాణం అదే. అప్పటికి పెట్రోలు బంకు అనేది లోకంలో లేదు. దారిలో ఒక మందుల షాపులో మరకలు తుడిచే ద్రావకం కొని ఇంధనంగా పోసుకున్నది. నేటి నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో నూటికి 89 కరెంటువే. అది మంచుదేశం. చలికి బ్యాటరీ దూరం ఇంకా తగ్గుతుంది. అయినా వారు దూరాలు తిరుగుతున్నారంటే అక్కడ దారి పొడవునా చార్జర్లున్నాయి గనుక. మనకు చలి లేదు, ఎండ వున్నది. రెంటచింతల ఎండలో నిలబెట్టిన బండిలో ఏ.సి.కీ, బ్యాటరీని చల్లబరచడానికీ కూడా కరెంటు ఖర్చవుతుంది.

సరే, ఇక రూపాయల దగ్గరకు వస్తాను. ఆ కుర్రవాడు పంపిన లెక్కలో హైదరాబాదు రాకపోకలు 550 కిలోమీటర్లు. పెట్రోలు లీటరు 108 రూపాయలు, హైవే మీద లీటరుకు 17 కిలోమీటర్లు అనుకుంటే ఒక ట్రిప్పుకు 3,500 అవుతుంది. కరెంటు బండికి ఇంటి కరెంటు యూనిటు 9 రూపాయలు వేసుకొని, చార్జింగులో పోయే తరుగు కూడా కలిపితే కిలోమీటరుకు రూపాయిన్నర. ఇంతవరకు వినే జనం ఆశపడతారు. కాని ఇంటి కరెంటు మొదటి 240 కిలోమీటర్లకే. మిగిలిన 310కి రోడ్డు మీద కొనాలి. అక్కడ యూనిటు 18 నుంచి 25 దాకా వున్నది, దానిలో 18 శాతం జి.ఎస్.టి. కూడా. 22 వేసుకుంటే కిలోమీటరుకు మూడు రూపాయల నలభై పైసలు. మొత్తం ట్రిప్పుకు 1,400 పైచిలుకు. పెట్రోలు బండితో పోలిస్తే ట్రిప్పుకు రెండు వేలు మిగులు, నెలకు పదిహేను ట్రిప్పులకు 31,000. ఇంత లెక్క వేసి ఆ అబ్బాయి గేదెలు అమ్మమన్నాడు.

అయితే అతను ఇప్పుడు నడిపే బండి పెట్రోలుది కాదు. సి.ఎన్.జి. బండి. కిలో 93 రూపాయలు, కిలోకు 25 కిలోమీటర్లు అని తానే రాశాడు. అంటే అతని ఖర్చు ట్రిప్పుకు 2,050. కరెంటు బండి మీద మిగిలేది 630 రూపాయలు, నెలకు 9,500. కొత్త సి.ఎన్.జి. బండికన్న కరెంటు బండికి అయిదు లక్షలు ఎక్కువ పెట్టాలి. ఆ అయిదు లక్షలకే పది శాతం వడ్డీపై అయిదేళ్ళకు నెలకు 10,600 వాయిదా. మిగులు మొత్తం వాయిదాకే చాలలేదు. ఇంజనాయిలు మార్పిడి వంటివి లేకపోవడం వల్ల సర్వీసు ఖర్చు తగ్గే మాట నిజమే. ఇన్సూరెన్సు ఎక్కువయ్యే మాటా నిజమే. రెండూ చెల్లుకు చెల్లు అనుకున్నాను.

ఇంకొకటి అతను చూసుకోలేదు. బ్యాటరీకి 8 సంవత్సరాలు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందయితే అది, అని సాధారణంగా గ్యారంటీ ఇస్తారు. ఎనిమిదేళ్ళనే మాట పెద్దక్షరాల్లో కనబడుతుంది. నెలకు 8,250 కిలోమీటర్లు తిరిగేవాడికి 1,60,000 ఇరవై నెలల్లో అయిపోతుంది. బండి బాకీ అయిదేళ్ళు. గ్యారంటీ రెండేళ్ళయినా నిండదు. కొన్ని కంపెనీలు ఇప్పుడు ఇంకా పెద్ద గ్యారంటీలు ప్రకటిస్తున్నాయి. వాటిలో మొదటి యజమానికే, సొంత వాడకానికే అనే షరతులు వుంటున్నాయి. అద్దెబండికి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. బ్యాటరీ గ్యారంటీ దాటిన మర్నాడే చచ్చిపోదు, నాకు తెలిసినంతలో బాగానే నడుస్తున్నవి వున్నాయి. కాని బండి ధరలో అతి పెద్ద భాగం దానిదే. చూడి నిలవని గేదెకు ఇన్సూరెన్సు లేకుండా అప్పు తెచ్చినట్టవుతుంది.

పెద్ద బ్యాటరీ కొంటే సరిపోదా అని మీలో ఎవరైనా అడగవచ్చును. 2024 నవంబరులో మహీంద్రావారు 79 యూనిట్ల బ్యాటరీతో బండ్లు తెచ్చారు. పరీక్ష లెక్క 650 దాటి చెబుతారు. హైదరాబాదు ఒక్క గుక్కలో పోతాయి. 180 కిలోవాట్ల చార్జరు దొరికితే 20 నుంచి 80 శాతం ఇరవై నిమిషాలట. అంత శక్తి గల చార్జరు ప్రతి ఊళ్ళో లేదు, ఆ బండి ధర మొదట్లో పాతిక లక్షలు దాటింది. డబ్బున్న కుటుంబం, సొంతానికి దూరాలు తిరిగేది, తీసుకోవచ్చును. ఆరు గేదెల ఇంటికి అది మాట్లాడుకోవలసిన విషయం కాదు.

ఆమెకు నేను చెప్పిన జవాబు ఇదే. గేదెలు అమ్మవద్దు, ఇప్పుడు వున్న బండి ఇంకో రెండేళ్ళు నడవనివ్వండి అన్నాను. కుర్రవాడికి కోపం వచ్చింది. “మీరు మాత్రం కరెంటు కారులో తిరుగుతూ మాకు వద్దంటారా బాబాయిగారూ” అన్నాడు. న్యాయమైన మాటే. నేను రోజుకు డెబ్భయి ఎనభై కిలోమీటర్లు తిరిగి రాత్రికి ఇంటికి చేరతాను. నా బండి తాగేదంతా ఇంటి కరెంటు. అతని బండి ఎక్కువ భాగం బయట కొని తాగాలి. అతనికి ఒక సంగతి అనుకూలంగా వున్నదని కూడా చెప్పాను. హైదరాబాదులో బేరం వాళ్ళు పనులు చూసుకొనేటప్పుడు అతను మూడు నాలుగు గంటలు ఊరికే చెట్టు కింద కూర్చుంటాడు. ఆ వేళ బండి చార్జింగులో వుంటే కాలం వృథా కాదు. డ్రైవర్లు పడుకొనే చోట రాత్రి ప్లగ్గు దొరికితే లెక్క ఇంకా మారుతుంది. రోడ్డు మీద యూనిటు ధర 15కు దిగితే అప్పుడు మళ్ళీ కూర్చొని చూద్దామన్నాను.

అదే సంఘంలో మరొక సభ్యునికి మాత్రం కొనుక్కోమనే చెప్పాను. ఆయనకు పెట్రోలు కారు వున్నది, రోజూ పొలానికీ, పాల కేంద్రానికీ, మండలానికీ కలిపి యాభై కిలోమీటర్లు తిరుగుతారు, నెలకొకసారి కూతురి దగ్గరకు హైదరాబాదు పోతారు. ఆ ఒక్క ప్రయాణానికి సూర్యాపేటలో అరగంట ఎక్కువ ఆగడం ఆయనకు కష్టం కాదు. పైగా కూతురి అపార్టుమెంటులో ప్లగ్గు పాయింటు పెట్టించుకున్నారు. కరెంటు కార్లకు 2019 ఆగస్టు నుంచి జి.ఎస్.టి. 5 శాతమే. బండి తెలంగాణాలో రిజిస్టరు చేసుకొనేవారికి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను మినహాయింపు కూడా ఇచ్చారు. మన సభ్యుల పిల్లలు అటు స్థిరపడ్డవారు చాలామంది వున్నారు గనుక చెబుతున్నాను.

కొనదలచినవారు ఎవరైనా వుంటే ఈ రెండు నెలలు బండి తీసిన ప్రతిరోజూ బయలుదేరిన మీటరు, చేరిన మీటరు, రాత్రి బండి ఎక్కడ పడుకున్నదీ ఒక నోటుబుక్కులో రాయండి. వెన్న పరీక్ష రిజిస్టరు రాసినట్టు, దిద్దుబాట్లు లేకుండా. వచ్చే తరగతికి తెస్తే విడివిడిగా కూర్చొని చూస్తాను. తన పుస్తకం తెస్తానని ఆ అబ్బాయి కూడా కబురు పంపాడు, కోపం ఇంకా పూర్తిగా తగ్గినట్టు లేదు.

గంట కొట్టారు. భోజనాలు కానిచ్చి రండి, రిజర్వు నిధి సంగతి మొదలుపెడతాను.